పది నంబర్‌కు ఉరుకుడు ఆరే

ఫుట్‌బాల్‌ను నేను జిందగీల ఒక్కసారి గూడ కాలితోని తన్నలే. అయినా తొంభైల నడుమ, నల్లగొండల, మా ఊరి టీముల ఎవరికి ఎంత ఉరుకుడు ఉండాలె, ఎవరికి ఎంత దమ్ము ఉండాలె అని రాసిచ్చే పని నా మీద పడ్డది. నా ఒక్కదాని మీద గాదు, నా దోస్తు మీద గూడ. ఆమె గూడ బంతి తన్నింది లేదు. మేమిద్దరం గడియారం చౌరస్త దాటినంక ఒక కంప్యూటర్ సెంటర్ల పాఠాలు చెప్తుంటిమి.

సెంటర్ అంటె మేడ మీద ఒక పొడుగాటి హాలు. కంప్యూటర్లకు దుమ్ము పడదని చెప్పులు బయటనే ఇడవాలె. తెరల మీద పచ్చటి అచ్చరాలు. ఏసీ ఉన్నది గని, దాన్ని మా సారు కొత్తగ చేరెటోళ్లు వచ్చినప్పుడే ఏస్తుండె. మిగతా రోజులు కిటికీలే దిక్కు. ఆ కిటికీల నుంచి చూస్తె ఎదురుంగ కాలేజీ గ్రౌండు.

ఒకనాడు సారు మమ్ముల పిలిచిండు.

“పిల్లలు చేరుతలేరమ్మా. తలుపు తీసి లోపలికొచ్చెటోళ్లకు చూపిచ్చెతందుకు ఏదన్న తమాష చెయ్యుండ్రి. టైపు కొట్టుడు ఎంతసేపని చూస్తరు?”

ఏం తమాష చెయ్యాల్నా అని మేము కిటికీ కాడ నిలవడి చాయ్ తాగుతుంటె, కింద మా ఊరి టీము ఆడుతాంది. అండ్ల పది నంబర్ అంగి మా అన్నది. కరెంటాఫీసుల క్లర్కు, మైదానంల సెంటర్ ఫార్వర్డు. గోల్ కాసెటాయన నా దోస్తు వాళ్ల భాయి. బట్టల దుకాణం నడుపుతడు.

“వీళ్లనే కంప్యూటర్ల ఏద్దామా?” అన్నది నా దోస్తు.

“ఎట్ల?”

“ఎట్లనో ఏద్దాం. పేర్లు పెడితె లొల్లి గని, అంగి మీది నంబర్లు పెడదాం.”

పేర్లు పెట్టకపోయినా లొల్లి ఆగలే, అది వేరే సంగతి.

ఒక్కొక్కరికి నాలుగు గుణాలు రాసుకున్నం. ఉరుకుడు, తన్నుడు, దమ్ము, నిగ. నిగ అంటె బంతి ఎటు పోతాంది, మనోడు ఎక్కడున్నడు అని కనిపెట్టి చూసుకునే తెలివి. ఒక్కొక్క గుణానికి ఇరవైకి మార్కులు. ఇద్దరు బంతి కోసం పోటీ పడితె కంప్యూటర్ ఇద్దరి మార్కులు చూస్తది, పైకెల్లి ఒక్కొక్కరికి పాచిక ఏసినట్టు ఒక అంకె తీస్తది, రెండు కలిపితె ఎవరికి ఎక్కువొస్తె బంతి వాళ్లది. ఇనెతందుకు మస్తు అల్కగున్నది గదా? మేము గూడ గట్లనే అనుకున్నం.

బేసిక్ అనే కంప్యూటర్ భాషల రాసి, ఎదుటి టీముగ పాలమూరును పెట్టినం. నల్లగొండోళ్లు ఎప్పుడన్న గెలవాలనుకుంటె పాలమూరు మీదనే గెలవాలె, అప్పటి రివాజు అది. మొదటి ఆట నడిపినం. ఏడు నంబర్ ఒక్కడే ఆడిండు. డిగ్రీ చదివే బక్క పిలగాడు, అంచు పొంట గాలి లెక్క ఉరుకుతడని వానికి ఉరుకుడు ఇరవైకి ఇరవై ఇచ్చినం. బంతి ఒక్కపాలి దొరికిందంటె ఇంక వాడు ఎవ్వరికీ అందడు. తెర మీద గోల్, గోల్, గోల్ అని తప్ప ఇంకో ముక్క కనపడలే.

పాచిక మరీ చిన్నగయ్యింది, అందుకే మార్కులు ఎక్కువున్నోడే ఎప్పుడూ గెలుస్తుండని పాచిక పెద్దది చేసినం. ఇగ చూడుండ్రి, మా గోల్‌కీపర్ గోల్లు కొట్టుడు షురూ చేసిండు.

“అరె, మా భాయి గోల్ ఇడిసిపెట్టి ఎటు పోయిండే?” అని నా దోస్తు తెరకు ముక్కు ఆనిచ్చి చూసింది.

ఇంటికి పోయి గీ సంగతి చెప్తె వాళ్ల భాయి మస్తు ఖుష్ అయ్యిండట. “అది బరాబర్ ఉన్నది, ఇంకేం మార్చకుండ్రి” అన్నడట. మేము మార్చినం. ఆయనను గోల్ కాడికి పంపి, రెండు దిక్కుల గోల్ కాసెటోళ్ల మార్కులు పెంచేసరికి ఇంక ఒక్క గోల్ పడలే, ఎన్నిసార్లు నడిపినా సున్నాకు సున్నా. ఒక దిక్కు సదురుతె ఇంకో దిక్కు ఊడిపోతాంది. నాకు తలనొప్పి లేసి కిటికీ కాడికి పోయి నిలవడ్డ.

కింద ఆట సగం దాటింది. ఏడు నంబర్ గీత పక్కన మోకాళ్ల మీద చేతులు పెట్టుకోని ఒంగి ఉన్నడు. బంతి వాని ముంగటికెల్లే పోయింది. చుట్టాన్ని బస్సెక్కిచ్చినట్టు దాన్ని అట్ల చూసిండు గని కదల్లే.

“ఇగో, ఇటు రాయే!” అని నా దోస్తును గుంజుకొచ్చిన. “వాడు అలిసిపోయిండు. మన కంప్యూటర్ల ఎవ్వడూ అలుస్తలేడు!”

దమ్ము అని రాసుకున్నం గని దానికి పని చెప్పలే మేము. ఉత్తగ అంకె లెక్క పడున్నది. ఉరికినకొద్ది దమ్ము అరగాలె, దమ్ము అరిగినకొద్ది ఉరుకుడు తగ్గాలె అని మార్చి రాసినం. అప్పుడు ఆటకు జీవం వచ్చింది. రెండు ఒకటి, మూడు రెండు, ఒకటి ఒకటి. నిజం ఆటల లెక్కనే. మా ఇద్దరికి ఎంత సంబురమైందంటె, కింద ఆడుతున్న అసలు ఆటను చూసి “అచ్చం మనదాని లెక్కనే ఉన్నది” అనుకున్నం.

ఆ సంబురం ఇంట్ల అడుగు పెట్టేదాంకనే. నా దోస్తు వాళ్ల భాయికి చెప్పింది, వాళ్ల భాయి గ్రౌండుల చెప్పిండు. మా అన్న పొద్దుగూకంగనే వచ్చి, బూట్లు గూడ ఇడవకుంట వంటింటి గడప కాడ నిలవడ్డడు. అమ్మ జొన్నరొట్టెలు చేస్తాంది. బాపు తింటుండు.

“ఏందే, నాకు ఉరుకుడు ఆరా?”

“ఎవరు చెప్పిండ్రు?”

“ఎవరు చెప్తె ఏంది! ఇరవైకి ఆరా? నాలుగు నంబర్‌కు ఎంతిచ్చినవ్?”

“ఎనిమిది.”

“వాడు మిఠాయి దుకాణమోడే! ముందుగాల వాని కడుపు వస్తది, ఆ ఎనక వాడొస్తడు. వానికి నాకన్న ఎక్కువనా?”

బాపు విత్తనాల దుకాణం నడిపే మనిషి, ఏ సంగతైనా లెక్కలకు తెస్తడు. తలెత్తకుంటనే అన్నడు: “ఇరవైకి ఆరంటె నూటికి ముప్పై. పాసుకు జర తక్కువ. ఇంటర్ లెక్కలల్ల గూడ నీకు గింతే వచ్చినట్టు గుర్తు.”

అన్న బువ్వ తినకుంట పోయి పండుకున్నడు.

తెల్లారి నాకు జడ ఏసుకుంట అమ్మ మెల్లగ తీసింది ముచ్చట.

“వానికి జర పెంచరాదె బిడ్డా. నీ చేతులదే గదా. నువ్వేమన్న ఇంట్లకెల్లి తీసి ఇచ్చేదున్నదా?”

“అమ్మా, వాడు నిజంగనే మెల్లగ ఉరుకుతడే. నేను కిటికీల నుంచి చూస్త గదా.”

“ఉరుకుతడో, నడుస్తడో. నిన్న రాత్రి మెతుకు ముట్టలే, పొద్దుగాల సగం రొట్టెనే తిన్నడు వాడు.”

అమ్మ సిఫారసు కొట్టేసేదెట్ల? పోయి పది నంబర్ ఉరుకుడు పదకొండు చేసిన. ఆటను చేసినోళ్లకు తెలుస్తది, ఒక్క అంకె కదిలిస్తె ఎన్ని కదులుతయో. మా అన్న నిగ తక్కువ, అది ముందే రాసి పెట్టినం. ఉరుకుడు పెరిగేసరికి బంతి కన్న ముందే పోయి ఎదుటి గోల్ కాడ నిలవడుడు షురూ చేసిండు. అట్ల ఎదుటి టీమోళ్లను దాటి ముందే పోయి బంతి కోసం నిలవడితె ఆఫ్‌సైడ్ అని ఆట ఆపుతరు. తెర నిండ ఆఫ్‌సైడ్, మళ్ల ఆఫ్‌సైడ్. ఆరు మార్కులప్పుడు గెలిచిన టీము పదకొండు ఇచ్చినంక వరుసగ ఓడిపోవట్టింది.

“పది నంబర్‌కు ఏమైందే? నిన్నటిదాంక మంచిగుండె గదా” అన్నది నా దోస్తు.

“మా అమ్మ పెంచింది.”

ఆమె కుర్చీల ఎనకకు వాలి నవ్వుడే నవ్వుడు. నవ్వి నవ్వి కండ్లు తుడుసుకోని, “మా దాదీ గూడ అడిగిందే. ‘నా మనవనికి చేతులు పొడుగు రాయి’ అన్నది. నేను రాస్త అన్న గని రాయలే” అన్నది.

ఇద్దరం కలిసి మా అన్నను మళ్ల ఆరుకు దించినం.

వారం తిరగకముందే టీము టీమంత సెంటర్‌కు దిగింది. తలుపు బయట ఇడిసిన బూట్లకు, చెప్పులకు మెట్లు కనపడలే. లోపల టైపు నేర్సుకునే పిల్లలు చేతులు ఆపి చూస్తున్నరు. ఒకాయనకు తన్నుడు తక్కువైందట, ఇంకొకాయనకు నిగ తక్కువ రాసి ఇజ్జత్ తీసినమట. నాలుగు నంబర్ మిఠాయి డబ్బా తెచ్చి టేబుల్ మీద పెట్టి, “దమ్ము కాడ జర చూడుండ్రి మేడం” అన్నడు, పరీక్ష పేపరు దిద్దే పంతులమ్మతోని అన్నట్టు. బాలూషాలు మంచిగనే ఉండె. దమ్ము మాత్రం పెంచలే.

లొల్లి ఆగుతలేదని నా దోస్తు లేచి నిలవడ్డది.

“మేము రాస్తె పక్షపాతం అంటున్నరు గదా. మీరే రాసుకోండ్రి. అందరికి సమానంగ నలభై మార్కులు. నాలుగు గుణాలల్ల ఎట్ల పంచుకుంటరో మీ ఖుషీ. పాలమూరోళ్లకు అన్నీ తలా పది ఏస్తం. అవి గూడ నలభైయే. సరేనా?”

ఇన్సాఫ్ అంటె గిదీ అని అందరు తలలూపిండ్రు. ఒక్కొక్కరే వచ్చి చెవుల చెప్పినట్టు చెప్పిండ్రు, పక్కోనికి ఇనపడకుంట. మా అన్న తన్నుడు ఇరవై అన్నడు. ఆ ఎనకొచ్చినోడు తన్నుడు ఇరవై. ఆ ఎనకొచ్చినోడు గూడ. గోల్‌కీపర్ భాయి సైతం “తన్నుడు ఇరవై రాయి, ఎప్పుడన్న అవుసరం పడ్తది” అన్నడు. నాలుగు నంబర్ ఒక్కడే, “నాకు తన్నుడు వద్దు మేడం, అంత దమ్ములనే ఎయ్యుండ్రి. ఆట అయిపోయేదాంక నిలవడితె చాలు నాకు” అన్నడు. ఒక్క గుణంల ఇరవై కన్న ఎక్కువ పట్టదని చెప్తె నారాజ్ అయ్యిండు.

అందరు తెర చుట్టు మూగినంక ఆట నడిపినం. బంతి దొరికినోడు దొరికినట్టు గోల్ దిక్కు తన్నుతుండు. పక్కోనికి ఇచ్చెటోడు లేడు, ఎనకకు ఉరికొచ్చెటోడు లేడు. పాలమూరోళ్లు తాపీగ ఒకలికొకలు అందిచ్చుకుంట వచ్చి గోల్లు ఏసి పోతున్నరు. ఎన్ని గోల్లు పడ్డయో ఇప్పుడు చెప్తె నల్లగొండ పరువు పోతది. 

“మీ డబ్బా కరాబున్నది” అన్నడు మా అన్న ఆఖరికి. అందరు బూట్లు ఏసుకోని ఎల్లిపోయిండ్రు.

ఆ నెలలనే పాలమూరుల అసలు ఆట ఉండె. నా దోస్తు వాళ్ల ఖాలా, అంటె చిన్నమ్మ, పాలమూరులనే ఉంటది. ఖాలా ఇంటికని ఆమె, ఆమెకు తోడని నేను, టీమోళ్ల వ్యాన్ల ముందర సీట్ల కూసున్నం. ఎనక టీమంత మాతోని మాట్లాడుతలేరు. మా కంప్యూటర్ ముందుగాలే ఓడగొట్టి దిష్టి పెట్టిందని వాళ్ల బాధ. వ్యాన్ దేవరకొండ మీదికెల్లి పోతుంటె ఏడు నంబర్‌కు కడుపుల తిప్పింది. వ్యాన్ ప్రయాణం వానికి పడదట. కల్వకుర్తి చేరకముందే వాని దమ్మంత అయిపోయింది.

గ్రౌండు కాడ గోడ పక్కన ఖాలా ఛత్రి పట్టుకోని, డబ్బాల కీమా పెట్టి చేసిన లుఖ్మీలు పెట్టుకోని కూసున్నది. మేము పక్కన జేరినం. గోడ గీతకు ఎంత దగ్గరుండెనంటె ఆడెటోళ్ల మాటలు సుత ఇనపడ్తున్నయి. కిటికీల నుంచి ఇన్ని రోజులు చూసిన గని మాట ఎన్నడు ఇనలే నేను. ఇన్నంక గదా తెలిసింది, మా అన్న ఆట ఆడుతలేడు, ముచ్చట పెడుతుండు.

సగం ఆటకు పాలమూరోళ్లు ఒక గోల్ ముందున్నరు. వాళ్ల అయిదు నంబర్ తాటిచెట్టంత మనిషి, మా అన్నను ఇడిసిపెట్టకుంట కాస్తుండు. మా అన్న ఆయన పక్కనే నడుసుకుంట అడిగిండు.

“అన్నా, మీది ఏ ఊరే?”

“ఆలంపూర్ దగ్గర.”

“ఆలంపూరా! మొన్న జోగులాంబ దర్శనానికి వచ్చిన గదా. బస్టాండు కాడ మిరపకాయ బజ్జీలు ఏసెటాయన ఉన్నడు చూడు, ఆయన మంచిగున్నడా?”

“ఏ బస్టాండు? పాతదా, కొత్తదా?” అని అయిదు నంబర్ నెత్తి గోకిండు.

ఆయన నెత్తి మీద చెయ్యి తియ్యకముందే బంతి మా అన్న కాళ్ల కాడికొచ్చింది. మా అన్న ఉరకలే. ఉరికి ఎరుగడు గదా. నింపాదిగ పక్కకు అందిచ్చిండు. తెల్లటి మొఖమేసుకోని నిలవడ్డ ఏడు నంబర్ దాన్ని అందుకోని గోల్ కొట్టిండు. నా దోస్తు గోడ మీద లేచి నిలవడ్డది. ఖాలా ఆమె చున్నీ కొస పట్టుకోని కిందికి గుంజుతాంది.

“నాతోని మాట్లాడకు ఇంక!” అని అయిదు నంబర్ ఒర్రుతుండు.

“ఒక్క బజ్జీల సంగతి అడిగితె గింత కోపమా అన్నా?” అన్నడు మా అన్న.

అక్కడికి ఆగినా బాగుండు. ఆట ఇంక జరంత ఉందనంగ, మా దిక్కు మిఠాయిల నాలుగు నంబర్‌కు ఆ మాట మనసుల పడ్డది. తిండి సంగతి ఆయన ఊకుండలేడు. గోల్ కాడ కావలి ఉండాల్సిన మనిషి ఇటు మర్లి, గ్రౌండు అంత ఇనపడేటట్టు అన్నడు: “ఆలంపూరుల బజ్జీలు కాదు, పునుగులు మంచిగుంటయి!”

అప్పుడే పాలమూరోడు ఆయన ఎనకకెల్లి పోయి రెండో గోల్ ఏసిండు. భాయి గోల్ల కూలబడి నెత్తి పట్టుకున్నడు. రెండు ఒకటితోని ఓడిపోయినం.

వ్యాన్ తిరుగు దారి పట్టింది. జడ్చర్ల దాటినంక ఎవరో ఎనక సీట్లకెల్లి “పునుగులు” అన్నరు మెల్లగ. ఇంక వ్యాన్ అంత నవ్వు. నాలుగు నంబర్ గూడ నవ్విండు, కడుపు ఊగంగ.

నా దోస్తు నా చెవుల అన్నది: “మన నాలుగు గుణాలల్ల గిది యాడుందే?”

తెల్లారే అయిదో గుణం పెట్టినం. ముచ్చట. మా అన్నకు ఇరవైకి ఇరవై. దాని మీద టీముల ఒక్కడు గూడ తకరారు చెయ్యలే. అన్న ఆ పొద్దు ఇంటికి పోయి బాపు ముంగట నిలవడి, “ఇరవైకి ఇరవై. నూటికి నూరు” అని చెప్పి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నడు. ఏ సబ్జెక్టుల వచ్చిందో బాపు అడగలే.

కంప్యూటర్ల మాత్రం ఆగమైంది. ముచ్చట ఎదుటోని మీదనే గాదు, దగ్గర నిలవడ్డ మనోని మీద గూడ పని చెయ్యాలె గదా, నాలుగు నంబర్‌ను చూసినంక అట్లనే రాసినం. ఇంకేముంది, మా అన్న నోరు తెరిస్తె గ్రౌండు అంత ఇనుకుంట నిలవడ్డది. బంతి నడి మైదానంల ఒక్కటే పడున్నది. తెర మీద “పది నంబర్ మాట్లాడుతున్నడు” అని ఒకటే వరుస, ఆట అయిపోయేదాంక. మస్తు రోజులు కిందమీద పడ్డం దాంతోని. ఆఖరికి అయిదు నంబర్ ఒర్రిన ఒర్రుడు యాదికొచ్చి దారి దొరికింది. ఒక మనిషి మీద ముచ్చట ఒక్కసారే పని చేస్తది. రెండోసారి వానికి కోపం వచ్చి ఉరుకుడు పెరుగుతది. గంతే. ఆట మళ్ల నిలవడ్డది, ముందుకన్న మంచిగ.

సారు కోరినట్టు జనం వచ్చిండ్రు. చేరిండ్రు గూడ. అయితె చేరినోళ్లు టైపు కొడుతలేరు, పాలమూరు మీద గెలుస్తున్నరు. సారు మొత్తుకోని మొత్తుకోని, ఆఖరి అర్ధగంటకే ఆట అని గోడకు కాయిదం అంటిచ్చిండు.

అప్పుడే టైపు నేర్సుకునే ఆడపిల్లలు, జూనియర్ కాలేజీ వాళ్లు, మా టేబుల్ కాడికొచ్చిండ్రు.

“మేడం, దీంట్ల అందరు మగోళ్లేనా?”

“ఫుట్‌బాల్ వాళ్లే ఆడుతరు గదా మరి.”

“మేము ఖోఖో ఆడుతం. మమ్ముల ఏస్తరా?”

మేమిద్దరం మొఖాలు చూసుకున్నం. కాయిదం తీసిన. ఉరుకుడు, దమ్ము అని రాస్తుంటె ఒక పిల్ల, “నాకు ఉరుకుడు ఎనిమిది చాలు మేడం, మలుపు కాడ పద్దెనిమిది రాయుండ్రి” అన్నది.

“మలుపు ఏంది?”

“స్తంభం కాడ తిరిగేది మేడం. గట్ల రాస్తె మీకు సమజ్ కాదు, చూపిస్తం.”

కుర్చీలు గోడకు జరిపిండ్రు. కంప్యూటర్ల వరుసల నడుమ ఒకలు ఇటు, ఒకలు అటు మొఖం పెట్టి ఉత్త కాళ్లతోని కూసున్నరు. ఒక మనిషి తక్కువైందని నా దోస్తును చెయ్యి పట్టి నడుమల కూసోబెట్టిండ్రు. అప్పుడే సారు తలుపు తీసిండు. ఎనక ఒకాయన, భార్య, చేర్పియ్యడానికి తెచ్చిన బిడ్డ.

“ఇది కంప్యూటర్ల క్లాసు...” అని సారు చెప్పబోతున్నడు.

ఎవరో నా దోస్తు ఈపు తట్టి “ఖో!” అన్నరు. ఆమె లేచి ఉరికింది.